యాప్ లో మా షట్టరు వేసే ఉంది

రిమోట్ గేటుని కనిపెట్టింది అమెరికా వాళ్ళని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. మన వీధుల్లో అది ఎప్పట్నుంచో ఉంది, దాని పేరు హారన్. వీధి మలుపులో పీం పీం అని రెండుసార్లు కొడితే చాలు, ఇంట్లో పప్పు తాలింపు పెడుతున్న మనిషి స్టవ్ సిమ్ లో పెట్టి, కొంగుకి చెయ్యి తుడుచుకుంటూ వచ్చి, లోపల్నించే "ఎవరదీ" అని ఒక వెరిఫికేషన్ చేసి, మన గొంతు విన్నాకే కారు షెడ్డు షట్టరు లేపేది. పాస్‌వర్డ్ లేదు, బ్యాటరీ లేదు, అప్‌డేట్లు అసలే లేవు. మన కారు హారన్ కీ పక్కింటాయన కారు హారన్ కీ తేడా కూడా తెలుసు దానికి. వైజాగ్ ఎంవీపీ కాలనీలో మా ఇంట్లో ఈ సిస్టమ్ ఇరవై రెండేళ్ళు ఒక్కరోజు కూడా డౌన్ అవకుండా నడిచింది, ఆ ఇరవై రెండేళ్ళలో దానికి ఎవరూ థాంక్స్ చెప్పలేదు, అది వేరే విషయం.

పోయిన వేసవిలో ఆ సిస్టమ్ రాజీనామా ఇచ్చేసింది. "నాకు మోకాళ్ళు పనిచెయ్యట్లేదు, మీకు చేతులు బానే ఉన్నాయి కదా, దిగి లేపుకోండి" అని మా ఆవిడ ఓ సాయంత్రం బాల్కనీలోంచి ప్రకటించి లోపలికెళ్ళిపోయింది. చర్చలకి పిలుపు లేదు, ముందస్తు నోటీసు లేదు. కారు దిగి, చెప్పులు వేసుకుని, వంగి, ఆ షట్టరు కింద చెయ్యి పెట్టి లేపడం నాబోటి వాడికి ఎంత అవమానమో వీధిలో అందరూ చూస్తారు కదా, అందుకని వెంటనే షట్టరుకి మోటారు పెట్టించాను. గోడ మీద మూడు బటన్లు, పైకి, ఆగు, కిందకి. ఒక రిమోటు కూడా ఇచ్చారు, అది పదకొండో రోజున సోఫాలో కలిసిపోయింది. ఇంకో చిన్న సంగతి, మోటారు పెట్టాక షట్టరు చేత్తో లేవదు. ఇది డబ్బులిచ్చాక తెలిసింది.

అప్పుడు రంగంలోకి మా అల్లుడు దిగాడు. డాలస్ లో ఉంటాడు, మంచివాడు, ఏ సమస్య చెప్పినా దానికో యాప్ ఉందంటాడు. "మావయ్యగారూ, ఇక్కడ అందరం స్మార్ట్ కంట్రోలరే పెట్టుకుంటాం, ఫోన్ లో నొక్కితే గ్యారేజీ తెరుచుకుంటుంది, మీరు ఊళ్ళో లేకపోయినా తెరవొచ్చు" అన్నాడు. ఊళ్ళో లేనప్పుడు నా షట్టరు నేనెందుకు తెరవాలి అని అడుగుదామనుకున్నా గానీ, అల్లుడితో అలా మాట్లాడకూడదు. సంక్రాంతికి వస్తున్నవాళ్ళెవరో పట్టుకొచ్చారు ఆ డబ్బా. సబ్బు పెట్టె సైజు. లోపల ఏముంది అంటే, ఒక వైఫై చిప్పు, ఒక రిలే. అంటే ఏమీ లేదు, గోడ మీద బటన్ ని మనిషి వేలు నొక్కే బదులు అది అరసెకండు నొక్కుతుంది, అంతే. మనం కొన్నది ఒక వేలు, దానికి ఒక అకౌంట్, ఒక పాస్‌వర్డ్.

బిగించడానికి కంచరపాలెం నుంచి ఎలక్ట్రీషియన్ కుర్రాడు వచ్చాడు. డబ్బా అటూ ఇటూ తిప్పి చూసి, "ఏటి సార్, ఇది ఒక్క బటనే నొక్కుతాదంట, మనకి మూడున్నాయి కదా, ఏది నొక్కమంతారు?" అన్నాడు. నేను ఏ ఇంజనీరింగ్ కాలేజీ గడపా తొక్కకపోయినా ఇంతకంటే మంచి ప్రశ్న అక్కడ ఎవరూ అడగరని మాత్రం చెప్పగలను. అమెరికాలో గ్యారేజీ మోటారుకి గోడ మీద ఒక్కటే బటన్, నొక్కితే లేస్తుంది, మళ్ళీ నొక్కితే ఆగుతుంది, మళ్ళీ నొక్కితే దిగుతుంది. మన షట్టరు మోటార్లకి పైకి ఒకటి కిందకి ఒకటి, పొరపాటున రెండూ ఒకేసారి పడితే మోటారు కాలి వాసనొస్తుంది. గంటసేపు వెతికాక మోటారు రిమోట్ బోర్డు మీద, ఆ ఒక్క బటన్ తో నడిచే టెర్మినల్ ఏదో దొరికింది, దానికి తగిలించాడు. తర్వాత వైఫై. డబ్బాకి 2.4 గిగాహెర్ట్జ్ వైఫై తప్ప ఇంకోటి పడదు, మా రూటరేమో మేడ మీద 2.4, 5 రెండిటినీ ఒకే పేరుతో కలిపి పంపిస్తోంది, పైగా మధ్యలో ఇనప షట్టరు, సిగ్నల్ దాన్ని దాటి రావడానికి సింహాచలం మెట్లెక్కినంత ఆయాసపడుతోంది. చివరికి సిగ్నల్ ని అందుకుని ముందుకి పంపే ఎక్స్‌టెండర్ ఒకటి కొని దేవుడి గదిలో పెట్టాం, అక్కడే ప్లగ్గు ఖాళీగా ఉంది. ఇప్పుడు రోజూ అగరొత్తులు దానికీ తిప్పుతోంది మా ఆవిడ, కావాలనే చేస్తోందని నా అనుమానం.

అసలు కథ సెన్సార్ దగ్గర మొదలైంది. షట్టరు తీసి ఉందా వేసి ఉందా అన్నది ఆ వేలికి తెలీదు కదా, అందుకని డబ్బాతోపాటు చిన్న సెన్సార్ ఇచ్చారు, తలుపుకి అంటించాలి. అమెరికా గ్యారేజీ తలుపు మన దానిలా చుట్టుకోదు, నాలుగైదు పెద్ద పలకలు పట్టాల మీద పైకెళ్ళి సీలింగ్ కింద వెల్లకిలా పడుకుంటాయి. సెన్సార్ పై పలకకి అంటిస్తే, నిలబడి ఉంటే క్లోజ్డ్, పడుకుంటే ఓపెన్. ఎంత తెలివైన ఏర్పాటో చూడండి. దాన్ని మేం షట్టరు అడుగున, బలంగా ఉంటుంది కదా అని చివరి పట్టీకి అంటించాం. మన షట్టరు ఎంత పైకెళ్ళినా ఆ చివరి పట్టీ నిటారుగానే వేలాడుతుంది. పడుకోదు. కాబట్టి సెన్సార్ దృష్టిలో మా షట్టరు జన్మలో తెరుచుకోలేదు.

ఆ రాత్రి నేను యాప్ చూసుకుని, "క్లోజ్డ్" అని ఆకుపచ్చ రంగులో రాసి ఉంటే చూసి, దిండు సర్దుకుని పడుకున్నాను. సింహాద్రి అప్పన్న అయినా ఏడాదికి ఒక్కరోజు, అక్షయతృతీయ నాడు, నిజరూప దర్శనం ఇస్తాడు, మిగతా రోజులన్నీ చందనం కప్పుకునే ఉంటాడు. మా కారు షెడ్డు ఆ రోజు రాత్రంతా వీధికి నిజరూప దర్శనం ఇచ్చింది. పాత గ్రైండరు, అట్టపెట్టెలు, విరిగిన ట్రెడ్‌మిల్లు, దాని మీద ఆరేసిన బనీన్లు, వరసగా మూడు ఆవకాయ జాడీలు. పొద్దున్న పాలకోసం వెళ్తూ ఎదురింటాయన "మీ జాడీలు పాతకాలంవాండీ, బావున్నాయి" అన్నాడు. నేను ఫోన్ తీసి చూశాను. యాప్ లో మా షట్టరు వేసే ఉంది.

మూసేద్దాం అని చూస్తే ఇంకో చిక్కు. యాప్ దృష్టిలో అది ఆల్రెడీ మూసి ఉంది కాబట్టి మూసే బటన్ ఇవ్వదు, "ఓపెన్" అనే బటన్ ఒక్కటే ఉంటుంది. అంటే తెరిచి ఉన్న దాన్ని మూయాలంటే తెరువు అని నొక్కాలి. ఇది మా ఆవిడకి రెండుసార్లు చెప్పాను, మూడోసారి చెప్పబోతుంటే ఆవిడ నావైపు చూసిన చూపుకి ఆపేశాను.

తర్వాత సెన్సార్ ని ఎక్కడ పెడితే పడుకుంటుందా అని ఆలోచించి మధ్య పట్టీకి మార్చాం. షట్టరు పైకెళ్తూ దాన్నీ చాపలా చుట్టుకుంది, కరకరమని ఒక చప్పుడు, అప్పడం నలిగినట్టు. కుర్రాడు తల గోక్కుని, "వంద రూపాయల మాగ్నెట్ సెన్సార్ ఎట్టేద్దాం సార్, దొంగల అలారానికి ఎడతారు కదా, అది" అన్నాడు. షట్టరుకి అయస్కాంతం, గోడకి ఓ చిన్న స్విచ్చు, దగ్గరికొస్తే అతుక్కుంటాయి, దూరమైతే విడిపోతాయి. అదే పనిచేసింది, నిజంగా పనిచేసింది, ఎవరైనా పెట్టుకునేట్టయితే ముందే ఇదే పెట్టుకోండి. కాకపోతే బంగాళాఖాతంలో అల్పపీడనం పడ్డ రాత్రి సముద్రం గాలికి షట్టరు లొటలొటా ఊగుతుంది, అయస్కాంతం ఒక్క అంగుళం అటూ ఇటూ అవుతుంది, అంతే, ఓపెన్, క్లోజ్డ్, ఓపెన్, క్లోజ్డ్ అని తెల్లారేదాకా ఫోన్ కొట్టుకుంటూనే ఉంటుంది.

ఆ ఫోన్ కూడా నాదొక్కటే కాదు. నా నంబరుతో ఆ యాప్ అకౌంట్ అవలేదు, అల్లుడి అకౌంట్ లోనే నన్ను కలిపాడు, కాబట్టి మా షట్టరు కదిలినప్పుడల్లా డాలస్ లో కూడా గంట మోగుతుంది. ఎండాకాలం మనకి పొద్దున్న ఏడైతే వాళ్ళకి ముందురోజు రాత్రి ఎనిమిదిన్నర. నేను వాకింగ్ అని చెప్పి బయల్దేరడం, ఎన్నింటికి బయల్దేరానో ఎన్నింటికి వచ్చానో, వాకింగ్ కి కారెందుకో, అన్నీ అక్కడ రికార్డు. ఓ ఆదివారం రాత్రి ఆర్కే బీచ్ లో మురీమిక్చర్ తిని పదిన్నరకి ఇల్లు చేరితే, షట్టరు పూర్తిగా దిగకముందే అమ్మాయి ఫోను, "నాన్నా, షుగర్ పెట్టుకుని ఇంత రాత్రి ఎక్కడికెళ్ళారు?" ఫోన్ కీ గోడ మీద డబ్బాకీ మధ్య దూరం పన్నెండడుగులు, మాట మాత్రం ఏ సర్వర్ కో వెళ్ళి, మా అమ్మాయికి చెప్పి, అప్పుడు షట్టరు దగ్గరికొస్తుంది.

దొంగల సంగతేంటని మా ఆవిడ అడిగింది. నేను చదివింది చెప్పాను. 2015లో సామీ కామ్కర్ అనే అమెరికా హ్యాకర్, పిల్లలు మెసేజీలు పంపుకునే ఓ బొమ్మని కాస్త మార్చి, ఎప్పుడూ ఒకే కోడ్ పంపే పాతరకం రిమోట్ గ్యారేజీలని పది సెకండ్లలోపు తెరిచి చూపించాడు, అందుకే నొక్కిన ప్రతిసారీ కోడ్ మారే రోలింగ్ కోడ్ రిమోట్లు వాడాలంటారు. "మన రిమోటు ఏ రకం?" అంది. సోఫాలో ఉందన్నాను. అంతకంటే సెక్యూరిటీ ఏముంటుంది.

ఒక్క విషయంలో మాత్రం వెటకారం పక్కన పెడతాను. అమెరికాలో ఇళ్ళల్లో ఈ తలుపుల కింద చిన్నపిల్లలు చిక్కుకుని చనిపోయాక చట్టం చేశారు, 1993 నుంచి తయారయ్యే ప్రతి మోటారుకి, కింద ఏదైనా అడ్డొస్తే తలుపు వెనక్కి వెళ్ళాలని. అందుకే అక్కడ గుమ్మానికి రెండు వైపులా జానెడులోపు ఎత్తులో కంటిలాంటి సెన్సార్లు ఉంటాయి, మధ్యలో కాంతికి ఏం అడ్డొచ్చినా తలుపు ఆగి పైకెళ్తుంది. మా షట్టరుకి అలాంటిదేం లేదు, అడ్డొచ్చినవాటిని చూసేది మా ఆవిడే, "ఆగండాగండి, కుక్కపిల్ల" అని. కనపడకుండా ఎక్కడో కూర్చుని షట్టరు దించే సదుపాయం ఇచ్చే ముందు ఆ కళ్ళు పెట్టించాలి కదా. అవి వచ్చేదాకా ఫోన్ లో దించడం మానేశాను, ఎదురుగా నిలబడి గోడ బటనే నొక్కుతున్నాను. అంటే కారు దిగుతున్నాను. వీధిలో అందరూ చూస్తున్నారు.

ఇక సముద్రం. బీచ్ కి ఇంత దగ్గర్లో ఇనుము పెట్టుకోవడమే ఒక సాహసం, ఉప్పుగాలికి షట్టరు పట్టాలు, బోల్టులు, చివరికి మోటారు పక్కన వేలాడే గొలుసు కూడా ఎర్రగా పొరలెక్కింది. కరెంటు పోతే ఆ గొలుసు లాగి లేపాలి. బీచ్ రోడ్డులో కురుసుర సబ్‌మెరైన్ ఉంది కదా, 1969 నుంచి 2001 దాకా నేవీలో పనిచేసి ఒడ్డెక్కింది, లోపలికెళ్ళి చూడండి, ఎటు చూసినా చేత్తో తిప్పే చక్రాలే. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చి ఊళ్ళో చెట్లన్నీ పడిపోయి రోజుల తరబడి కరెంటు లేనప్పుడు కూడా మా పాత షట్టరు ఒక కొబ్బరినూనె చుక్కతో, మా ఆవిడ రెండు చేతులతో లేచింది. అప్పుడు నేనేం చేస్తున్నానంటే కారులో కూర్చుని హారన్ కొడుతున్నాను.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, మొన్న రాత్రి ఎనిమిదిన్నరకి ఉషోదయ జంక్షన్ దాటి వీధిలోకి తిరిగేసరికి కరెంటు పోయింది. రూటరు చచ్చిపోయింది, ఎక్స్‌టెండర్ చచ్చిపోయింది, డబ్బా చచ్చిపోయింది. యాప్ మాత్రం ఆఖరిసారి చూసిన సంగతే చెప్తోంది, క్లోజ్డ్, ఈసారి నిజమే. గొలుసు షట్టరు లోపల. నేను బయట. నిమిషంసేపు స్టీరింగ్ పట్టుకుని కూర్చుని, అటూ ఇటూ చూసి, పీం పీం అని రెండుసార్లు కొట్టాను.

బాల్కనీలో టార్చి వెలిగింది.

"ఎవరదీ?"

"నేనే."

"అల్లుడుగారికి ఫోన్ చెయ్యండి, ఆయన తీస్తారు."

చేశాను. డాలస్ లో అప్పుడు పొద్దున్న పది. అల్లుడు మీటింగ్ లో ఉన్నాడట.