‘సూది పెట్టనియ్యొద్దు, గ్రేడ్ 3 అంటే అయిపోయినట్టే’: రొమ్ము క్యాన్సర్ ఫార్వర్డ్‌కు ఖండన

రొమ్ములో గడ్డ ఉందని తేలిన ఇంటికి ఈ మధ్య డాక్టర్ మాట కన్నా ముందు ఒక వాట్సాప్ సందేశం చేరుతోంది. హనుమకొండ నుంచి జగిత్యాల దాకా ఫ్యామిలీ గ్రూపుల్లో తిరుగుతున్న ఆ సందేశం చెప్పేది ఇదీ: గడ్డకు సూది పెట్టనిస్తే క్యాన్సర్ ఒళ్లంతా పాకుతుంది. రిపోర్టులో గ్రేడ్ 3 అని ఉంటే ఆఖరి స్టేజ్, ఇక ఖర్చు దండుగ. ట్రిపుల్ నెగెటివ్ వస్తే భయం లేదు. రొమ్ము మొత్తం తీయించేస్తే కీమో, కరెంటు (రేడియేషన్) అక్కర్లేదు. తర్వాత ఇచ్చే మాత్ర గర్భసంచి క్యాన్సర్ తెస్తుంది, మానేయండి. ఈ ఐదింటిలో మొదటి నాలుగూ తప్పే. ఐదోదాంట్లో కొంత నిజం ఉంది, అందుకే అది ఎక్కువ మందిని నమ్మిస్తోంది.

సూది సంగతి ముందు. ముక్క పరీక్షకు (బయాప్సీకి) గడ్డ దగ్గర మత్తు ఇంజక్షన్ ఇచ్చి, సాధారణంగా 14 గేజ్ సూదితో నాలుగైదు సన్నని ముక్కలు తీస్తారు. సూది వెళ్లిన దారిలో కొన్ని కణాలు చెదిరినా దాదాపు అన్నీ అక్కడే చచ్చిపోతాయి. ఆ దారి కూడా తర్వాతి ఆపరేషన్, రేడియేషన్ పరిధిలోకే వస్తుంది. సూది పరీక్ష చేయించుకున్నందుకు ఆయుష్షు తగ్గినట్టు ఎక్కడా రుజువు కాలేదు. అసలు నష్టం ఆ భయంతో చేసే పనిలో ఉంది: పరీక్ష లేకుండా దగ్గర్లోని నర్సింగ్ హోంలో గడ్డను కోయించేయడం. అది క్యాన్సర్ అని తర్వాత తేలితే, అంచుల్లో కణాలు మిగిలాయో లేదో తెలియదు, రెండోసారి కోయాలి, ముందే కీమో ఇచ్చి గడ్డను కరిగించే అవకాశం చేజారుతుంది. ఆరోగ్యశ్రీ అనుమతికి పెట్టే కాగితాల్లోనూ ముక్క పరీక్ష రిపోర్టే ముఖ్యం. తెలంగాణలో ఆ పథకం పరిమితిని 2023 డిసెంబర్‌లో 10 లక్షల రూపాయలకు పెంచారు.

ఇక్కడ ఫార్వర్డ్‌లో లేని, అంతకన్నా పెద్ద విషయం ఒకటి చెప్పాలి. తీసిన గడ్డను డబ్బాలో వేసి, ల్యాబ్‌కు తీసుకెళ్లమని ఇంటివాళ్ల చేతిలో పెట్టడం మన దగ్గర మామూలే. ఆ డబ్బాలో ఏముందో చూడండి. 10 శాతం బఫర్డ్ ఫార్మలిన్ ఉండాలి, అదీ గడ్డ పరిమాణానికి సుమారు పది రెట్లు. తీసిన గంటలోపే అందులో పడాలి, 6 గంటలకు తక్కువ కాకుండా, 72 గంటలకు మించకుండా అందులో ఉండాలి. సెలైన్ నీళ్లలో వేసినా, చిన్న సీసాలో పెద్ద గడ్డను కుక్కినా, రొమ్మును కోసి తెరవకుండా అలాగే ముంచినా ఫార్మలిన్ లోపలిదాకా చేరదు, మధ్యభాగం కుళ్లుతుంది. కుళ్లిన కణజాలంలో ఈఆర్, పీఆర్ అనే హార్మోన్ గుర్తులు చెరిగిపోయి, ఉన్నవి కూడా లేనట్టు వస్తాయి. హార్మోన్ మాత్రతో లాభపడాల్సిన మనిషికి ఆ మాత్రే అందకుండా పోతుంది. మూత గట్టిగా బిగించి, పేరు, ఎడమా కుడా, తీసిన తేదీ, గంట రాయించి, అదే రోజు ల్యాబ్‌కు చేర్చండి. ఈఆర్ సున్నా అని వస్తే, రిపోర్టులో ‘ఇంటర్నల్ కంట్రోల్’ అన్న మాట వెతకండి. పక్కనే ఉన్న మామూలు పాల నాళాలకు రంగు పట్టిందో లేదో అక్కడ రాసి ఉంటుంది. వాటికీ పట్టలేదంటే పరీక్షే చెడింది, మళ్లీ చేయించాలి. గ్రేడ్ 1 అని రాసి ఈఆర్ సున్నా అని వచ్చినా అనుమానించాల్సిందే, ఆ రెండూ కలిసి రావడం అరుదు. మళ్లీ చూపించడానికి పారఫిన్ బ్లాకు (మైనంలో భద్రపరిచిన ముక్క), స్లైడ్లు ల్యాబ్‌లో అడిగి తీసుకోవచ్చు. వరంగల్ ఎంజీఎంలో చూపించుకున్నా, హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే క్యాన్సర్ ఆస్పత్రికి వెళ్లినా ఇవి వెంట ఉంటే మళ్లీ ముక్క తీయాల్సిన అవసరం చాలాసార్లు తప్పుతుంది.

గ్రేడ్ 3, ఆఖరి స్టేజ్. ఈ మాట విని వైద్యం మానుకునే వాళ్లున్నారు కాబట్టి దీన్ని గట్టిగా ఖండించాలి. గ్రేడ్ అంటే మైక్రోస్కోపులో కణాల తీరు. నాళాల్లా అమరాయా, కణకేంద్రాలు ఎంత వికారంగా ఉన్నాయి, ఎన్ని విభజనలో ఉన్నాయి అనే మూడింటికీ 1 నుంచి 3 దాకా మార్కులు వేస్తారు. మొత్తం 3 నుంచి 5 అయితే గ్రేడ్ 1, 6 లేదా 7 అయితే గ్రేడ్ 2, 8 లేదా 9 అయితే గ్రేడ్ 3. స్టేజ్ అంటే జబ్బు ఎంత దూరం పోయిందన్నది. రిపోర్టు చివర ‘పీటీ2 పీఎన్1ఏ, గ్రేడ్ 3 (3+3+2), 14 గ్రంథుల్లో 2’ అని ఉందనుకుందాం. గడ్డ 2 నుంచి 5 సెంటీమీటర్ల మధ్య ఉంది, చంకలో తీసిన 14 గ్రంథుల్లో (లింఫ్ నోడ్లలో) రెండింటిలో జబ్బు ఉంది. స్కాన్‌లో కాలేయం, ఊపిరితిత్తులు, ఎముకలు శుభ్రంగా ఉంటే ఇది స్టేజ్ 2బీ. నయం చేయాలన్న లక్ష్యంతోనే వైద్యం సాగే దశ. గ్రేడ్ 3 కణాలు వేగంగా పెరుగుతాయి నిజమే, అయితే కీమోకు బాగా లొంగేవీ ఎక్కువగా అవే.

ట్రిపుల్ నెగెటివ్ అంటే క్యాన్సర్ లేదని కాదు. ఈఆర్, పీఆర్, హెర్2 (కణాల పెరుగుదలను ఎగదోసే ఒక ప్రొటీన్) మూడూ లేవని, అంటే హార్మోన్ మాత్రకు, హెర్2 ఇంజక్షన్‌కు దారి లేదని. కీమోనే ప్రధాన వైద్యం. గడ్డ 2 సెంటీమీటర్లు దాటినా, చంకలోకి పాకినా సాధారణంగా ఆపరేషన్‌కు ముందే కీమో ఇస్తారు. వంశపారంపర్యంగా వచ్చే లోపాన్ని పట్టే బీఆర్‌సీఏ జన్యు పరీక్ష గురించి కూడా అడగాలి. ఫలితం తేడాగా వస్తే అక్కాచెల్లెళ్లు, కూతుళ్లే కాదు, అన్నదమ్ములు కూడా పరీక్ష గురించి డాక్టర్‌తో మాట్లాడాలి.

హెర్2 గురించి ఆ సందేశం మాట్లాడదు కానీ ఎక్కువ మంది ఆగిపోయేది అక్కడే. 0, 1 ప్లస్ వస్తే నెగెటివ్, 3 ప్లస్ పాజిటివ్. 2 ప్లస్ అంటే ఇంకా తేలలేదని అర్థం, ఫిష్ అనే పరీక్ష చేస్తేనే తెలుస్తుంది. ఖర్చుకు భయపడి దాన్ని వదిలేస్తే హెర్2 ఇంజక్షన్ ట్రాస్టుజుమాబ్ అవసరమైన వాళ్లకు అది అందదు. మూడు వారాలకొకసారి, సాధారణంగా ఏడాది పాటు ఇచ్చే ఇంజక్షన్ అది, మన దేశంలో తయారయ్యేవీ దొరుకుతున్నాయి. గుండె మీద ప్రభావం ఉంటుంది కాబట్టి మొదలుపెట్టే ముందు, తర్వాత ప్రతి మూడు నెలలకు ఎకో (గుండె స్కాన్) తీయించాలి.

‘మొత్తం తీయించేస్తే చాలు’ అన్నదానికి జవాబు 2002లోనే వచ్చింది. అమెరికా, ఇటలీల్లో జరిగిన రెండు పెద్ద అధ్యయనాల 20 ఏళ్ల ఫలితాలు ఆ ఏడాది వెలువడ్డాయి. తొలి దశల్లో గడ్డ మాత్రమే తీసి రేడియేషన్ ఇచ్చినవాళ్లు, రొమ్ము మొత్తం తీయించుకున్నవాళ్లు బతికిన కాలంలో తేడా లేదు. కీమో ఇచ్చేది రక్తంలో కలిసిపోయి ఉండగల కణాల కోసం, రొమ్ము తీసినంత మాత్రాన దాని అవసరం పోదు. చంకలో నాలుగు, అంతకన్నా ఎక్కువ గ్రంథుల్లో జబ్బు ఉంటే రొమ్ము మొత్తం తీసినా కరెంటు పెట్టాల్సిందే. మొత్తం తీయడమే సరైన సందర్భాలూ ఉన్నాయి: గడ్డలు వేర్వేరు భాగాల్లో ఉన్నప్పుడు, అంచులు శుభ్రంగా రానప్పుడు, రేడియేషన్‌కు రోజూ వచ్చే వీలు నిజంగా లేనప్పుడు. ఇప్పుడు చాలామందికి 15 రోజుల కోర్సు, వారానికి ఐదు రోజుల చొప్పున మూడు వారాలు సరిపోతోంది. ములుగు, భూపాలపల్లి వైపు నుంచి వచ్చేవాళ్లు ఆ మూడు వారాలు ఎక్కడ ఉంటారో ఆపరేషన్‌కు ముందే తేల్చుకోవాలి. కీమో నడిచే రోజుల్లో జ్వరం 100.4 దాటితే పారాసిటమాల్ వేసి తెల్లారేదాకా చూడకండి, రాత్రయినా ఆస్పత్రికి పోవాలి.

చివరిది మాత్ర. టామోక్సిఫెన్ రోజుకు 20 మిల్లీగ్రాములు, ఐదేళ్లు, కొందరికి పదేళ్లు. గర్భసంచి క్యాన్సర్ ముప్పును అది కొంత పెంచుతుంది, ముఖ్యంగా ముట్లుడిగినవాళ్లలో. కానీ ఈఆర్ పాజిటివ్ ఉన్నవాళ్లకు జబ్బు తిరగబెట్టకుండా అది చేసే మేలు ఆ ముప్పుకన్నా చాలా ఎక్కువ. ముట్లుడిగాక రక్తం కనిపిస్తే వెంటనే చూపించుకోవాలి, మాత్ర సొంతంగా ఆపకూడదు. గర్భసంచి తీయించుకున్నవాళ్లకైతే ఆ భయమే లేదు. ఇక్కడ మరో పొరపాటు జరుగుతోంది. దేశంలో గర్భసంచి ఆపరేషన్లు ఎక్కువగా జరిగే రాష్ట్రాల్లో తెలంగాణ ఒకటి. నలభై ఏళ్లకే ఆపరేషన్ అయిన మనిషి ‘నాకు ముట్లు ఆగినయి డాక్టర్’ అంటే, ముట్లుడిగినవాళ్లకిచ్చే లెట్రోజోల్ రాసేస్తారు. అండాశయాలు ఇంకా పనిచేస్తుంటే ఒక్క లెట్రోజోల్‌తో సరిగా పని జరగదు. గర్భసంచి తీసినప్పుడు అండాశయాలు ఉంచారో తీశారో ఆ పాత డిశ్చార్జి కాగితం వెతికి చూపించండి. తెలియకపోతే ఎఫ్‌ఎస్‌హెచ్, ఎస్ట్రాడయోల్ అనే హార్మోన్ రక్త పరీక్షలు చేయించాకే ఏ మాత్ర అన్నది ఖాయం చేయమని అడగండి.