పురుగును వదిలే ముందు రైతుకు చెప్పాలి

పత్తి చేలో గుడ్డి పూలు కనిపిస్తే గుంటూరు రైతుకు టెన్షన్ మొదలవుతుంది. విచ్చుకోకుండా ముడుచుకున్న ఆ పువ్వులో గులాబీ రంగు పురుగు ఉంటుంది. అది కాయలోకి దూరిందంటే ఏ మందూ తగలదు. పైకి కాయ బాగానే ఉంటుంది, పగలగొడితే గింజ ఉండదు, దూది రంగు మారి ఉంటుంది. 2002లో పురుగును చంపే జన్యువు చేర్చిన బీటీ పత్తికి అనుమతిచ్చినప్పుడు మందుల ఖర్చు తగ్గుతుందన్నారు. కొన్నేళ్లు తగ్గింది కూడా. తర్వాత గులాబీ పురుగు రెండు జన్యువుల బీటీకి కూడా అలవాటు పడింది. స్ప్రేయర్ మళ్లీ రైతు వీపుకెక్కింది.

ఇప్పుడు మొక్కను కాదు, పురుగునే మార్చే విద్య వచ్చింది. బ్రెజిల్‌లోనూ, 2021 నుంచి అమెరికాలోని ఫ్లోరిడా కీస్‌లోనూ డెంగీ దోమ మీద దాన్ని వాడారు. జన్యువు మార్చిన మగ దోమలను వదులుతారు. మగ దోమ కుట్టదు. దానితో కలిసిన ఆడ దోమకు పుట్టే ఆడ పిల్లలు పెద్దవి కాకుండానే చనిపోతాయి. విజయవాడ కాలువ గట్ల మీద సాయంత్రం ముసిరే దోమలు మాత్రం దీనితో పోవు. వాటి జాతి వేరు. డెంగీ దోమ మన ఇంట్లోనే, కూలర్ నీళ్లలో, పూలకుండీ కింది పళ్లెంలో పుడుతుంది.

పత్తి సంగతికొస్తే, గులాబీ పురుగు మన దగ్గర దాదాపు పత్తినే నమ్ముకుని బతుకుతుంది. అందుకే ఈ పద్ధతికి అది తగిన పురుగని మా అభిప్రాయం. అరిజోనాలో 2006 నుంచి 2014 వరకు సుమారు 1,100 కోట్ల పిల్లలు పుట్టించలేని గొడ్డు పురుగులను విమానాలతో చల్లారు. 2018లో అమెరికా పత్తి చేలలో ఆ పురుగు లేదని ప్రకటించారు. నిజం చెప్పాలంటే వాటిని గొడ్డుగా మార్చింది రేడియేషన్, జన్యుమార్పిడి కాదు. పైగా అక్కడ బీటీ ఇంకా పనిచేస్తోంది, రైతులంతా కలిసి నడిచారు. రెండెకరాల కౌలు చేలున్న మన ఊళ్లలో ఒక్కరు చేసి పక్కవారు చేయకపోతే ఫలితం సున్నా.

అయినా పరీక్షించకుండా వదిలేయకూడదు. గుంటూరు దగ్గరి లాం వ్యవసాయ పరిశోధన కేంద్రంలో, వలగదిలో, ప్రభుత్వ ఖర్చుతో పరిశోధన మొదలుపెట్టాలి. జన్యుమార్పిడి కీటకాలపై కేంద్ర బయోటెక్నాలజీ విభాగం 2023లోనే మార్గదర్శకాలు ఇచ్చింది.

పాత తప్పు మాత్రం మళ్లీ జరగకూడదు. 1970లలో ఢిల్లీ కేంద్రంగా ప్రపంచ ఆరోగ్య సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి కలిసి జన్యు పద్ధతుల్లో దోమలను అదుపు చేసే ప్రయోగం చేశాయి. దాని వెనుక ఎవరి ప్రయోజనం ఉందో జనానికి సరిగా చెప్పలేదు. అనుమానాలు పార్లమెంటు దాకా వెళ్లాయి, 1975లో సోనీపత్‌లో దోమలు వదలాల్సిన సమయానికి అంతా ఆగిపోయింది. అందుకే గుంటూరు చేలలో ఏ పురుగునైనా వదిలే ముందు ఆ ఊళ్లో గ్రామసభ పెట్టాలి. ఆ పురుగు ఏమిటో, దాని మీద హక్కులు ఎవరివో, పంట పోతే కౌలు రైతుకు నష్టపరిహారం ఎవరిస్తారో తెలుగులో రాసి చేతికివ్వాలి.