కోట గోడలో ఆ గండి

బెంగళూరు కేఆర్ మార్కెట్ పక్కన మిగిలిన టిప్పు సుల్తాన్ నాటి కోట గోడకు ఒక రాతి ఫలకం ఉంది. 1791 మార్చి 21న బ్రిటిషు సేనలు ఈ గండి గుండానే దాడి చేశాయని దాని మీద ఇంగ్లిషులో చెక్కారు. అంతే. ఆ రాత్రి కోటను కాపాడుతూ ప్రాణం విడిచిన కిల్లాదారు (కోట అధిపతి) బహదూర్ ఖాన్ పేరు అందులో లేదు. గెలిచినవారి మాటే ఇప్పటికీ ఆ చోటుకు గుర్తు.

అంతకు రెండు వారాల ముందు, మార్చి 7న, బ్రిటిషు సేనాధిపతి కారన్‌వాలిస్ సేన హలసూరు ద్వారం గుండా కోట పక్కనున్న పాత ఊరు పేటలోకి చొరబడింది. ఆ ద్వారం ఇప్పుడు లేదు. దాని పేరు మాత్రం ఒక పోలీస్ స్టేషన్‌కు మిగిలింది. చిక్కపేటకో, అవెన్యూ రోడ్డుకో సరుకు కోసం వెళ్లే మనం యుద్ధభూమి మీదే నడుస్తున్నాం.

ఇది తెలుగువారికి పరాయి కథ కాదు. కారన్‌వాలిస్ వెంట మద్రాసు సిపాయిలూ వచ్చారు. తొలినాళ్లలో తెలుగు నేల నుంచి అంతమంది పటాలాల్లో చేరబట్టే ఉత్తరాదిన సిపాయికి ‘తిలంగా’ అన్న పేరు పడింది. ఆ గోడ కింద ఒరిగినవారిలో మనవాళ్లూ ఉండే ఉంటారు. వాళ్ల పేర్లు అడిగే దిక్కు లేదు.

1958 నాటి పురావస్తు చట్టం కట్టడాలను, శిథిలాలూ అవశేషాలూ ఉన్న చోట్లను కాపాడుతుంది. మనుషులు నేలకొరిగిన ఖాళీ జాగా దాని కంటికి ఆనదు. అయినా దారి లేకపోలేదు. పానిపట్‌లో 1761 నాటి పోరుకు గుర్తుగా కాలా ఆంబ్ దగ్గర తోట పెంచారు. అంత దూరమెందుకు, మన కారంపూడిలో కార్తీకం వస్తే పల్నాటి వీరుల ఆయుధాలకు పూజలు చేస్తారు, కులం అడగకుండా చాపకూడు పెడతారు. పోరు జరిగిన నేలను ఊరంతా కూర్చునే చోటుగా నిలుపుకోవడం మనకు తెలిసిన పనే.

మార్కెట్‌ను తరలించమని మేం అనడం లేదు. కోట ద్వారమైన ఢిల్లీ గేటు, మిగిలిన గోడ, గండి ముందు జాగా కలిపి ఒకే పార్కుగా చేయాలి. అక్కడ కొత్తగా ఒక్క గోడా లేవకూడదు. బస్సు కోసం వేచి ఉండే కూలీ, పూల బుట్ట దించుకున్న అమ్మ కాసేపు నీడన కూర్చోగలగాలి. పాత ఫలకాన్ని తీయొద్దు. దాని పక్కనే కన్నడ, ఉర్దూ, తెలుగు, తమిళాల్లో మరొకటి పెట్టండి. బహదూర్ ఖాన్ పేరుతో మొదలుపెట్టండి.