సవరణ: ప్రాసెస్ అప్‌డేట్ ఒక్కటే చాలదు
ఎస్ఎస్ఏఎస్ (మైక్రోసాఫ్ట్ వారి డేటా విశ్లేషణ సర్వర్) మల్టీడైమెన్షనల్ క్యూబ్ (రిపోర్టుల కోసం డేటాను అమర్చి పెట్టే నిర్మాణం) మీద రాసిన గత పోస్టులో "డైమెన్షన్‌కి ప్రాసెస్ అప్‌డేట్ ఇస్తే చాలు, పార్టిషన్ల జోలికి వెళ్లక్కర్లేదు" అని ఉంది. డైమెన్షన్ అంటే కస్టమర్, తేదీ లాంటి వివరాలు; పార్టిషన్లు అంటే అంకెల డేటాను విడగొట్టి పెట్టిన ముక్కలు; ప్రాసెస్ అప్‌డేట్ అంటే డైమెన్షన్‌లో వచ్చిన మార్పులను క్యూబ్‌లోకి తెచ్చే పని. లెక్కలు సరిగ్గా రావడం వరకు ఆ మాట నిజమే. వేగం దగ్గరకొచ్చేసరికి సరిపోదు.

ఒక కస్టమర్ వరంగల్ నుంచి హైదరాబాద్‌కి మారాడనుకోండి. కస్టమర్‌కీ ఊరికీ మధ్య సంబంధం ఫ్లెక్సిబుల్ (మారొచ్చు అని పెట్టినది) అయితే ప్రాసెస్ అప్‌డేట్ ఆ మార్పును తీసుకుంటుంది, కానీ దాని మీద ఆధారపడ్డ అగ్రిగేషన్లను (ముందే లెక్కగట్టి ఉంచిన మొత్తాలను) పడేస్తుంది. ఎర్రరేమీ రాదు, రిపోర్టులో అంకెలూ తప్పవు. నిన్నటిదాకా చకచకా వచ్చిన క్యూరీ ఇవాళ ఈడుస్తుంది, అంతే. అందుకే చాలామంది టెన్షన్ పడి, ఏ పాపం ఎరగని ఎండీఎక్స్ (క్యూబ్‌ను అడిగే క్యూరీ భాష) కోడ్‌ను తిరగరాస్తూ కూర్చుంటారు.

అప్‌డేట్ అయ్యాక పార్టిషన్లకు ప్రాసెస్ ఇండెక్స్ (పడిపోయిన అగ్రిగేషన్లను మళ్లీ కట్టేది) కూడా తప్పకుండా నడపండి. అది సోర్సు డేటాబేస్‌ను మళ్లీ చదవదు కాబట్టి అంతా మొదటినుంచి లోడ్ చేసే ప్రాసెస్ ఫుల్ అంత భారం కాదు. నెల, సంవత్సరం లాంటి మారని సంబంధాలను రిజిడ్‌గా (మారవు అని) పెడితే వాటి అగ్రిగేషన్లు నిలుస్తాయి.

సరిచూడటానికి, మొదట క్యాష్ (సర్వర్ గుర్తుంచుకున్న పాత ఫలితాలు) క్లియర్ చేసి క్యూరీ నడపండి. ప్రొఫైలర్‌లో (సర్వర్‌లో ఏం జరుగుతోందో చూపించే టూల్) 'గెట్ డేటా ఫ్రమ్ అగ్రిగేషన్' ఈవెంట్ కనిపిస్తే అగ్రిగేషన్లు మళ్లీ పనిచేస్తున్నట్టే.