సవరణ: కింతాయ్‌క్యో వంతెన వయసు గురించి

జపాన్‌లోని ఇవాకుని ఊరి కింతాయ్‌క్యో గురించి మొన్నటి పోస్టులో "1673 నాటి చెక్క వంతెన ఇప్పటికీ నిలిచి ఉంది" అని ఉంది. దాన్ని ఇలా చదువుకోండి: 1673లో కట్టిన వంతెన మరుసటి ఏడాదే వరదకు కొట్టుకుపోయింది. రాతి స్తంభాల పునాదులు గట్టిచేసి 1674లోనే మళ్లీ కట్టారు. మధ్యమధ్యలో చెక్కలు మారుస్తూ 1950 దాకా కాపాడుకున్నారు. ఆ ఏడాది తుఫాను వరద దాన్నీ తీసుకుపోయింది. ఇప్పటి వంతెన 1953లో పాత పద్ధతిలోనే కట్టింది; 2001-2004 మధ్య చెక్క భాగాలన్నీ కొత్తవి వేశారు. నా దృష్టిలో దీనివల్ల దాని గొప్పతనం ఏమాత్రం తగ్గదు, ఆ వడ్రంగం ఇంకా బతికే ఉంది కదా!

"మేకు, ఇనుము అస్సలు లేవు" అన్న మాట కూడా తీసేశాను. చెక్కల అమరికే దాని బలం, కానీ ఇనుప పట్టీలు, బిగింపులు కూడా ఉన్నాయి. నది ఒడ్డున కిందికి దిగి తలెత్తి చూస్తే కనిపిస్తాయి. మధ్య కమానుల మీద మెట్లుంటాయి, పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లు గమనించండి.