హాల్లోకి రాలేకపోయిన కంప్యూటర్

మా ఆఫీసులో పనిచేసే మిత్రుడొకరు ఈ మధ్య 55 అంగుళాల టీవీ కొన్నారు. ఆయన దగ్గర 4 టెరాబైట్ల హార్డ్ డిస్క్ ఒకటి ఉంది. ఎప్పుడో కొన్న డీవీడీల నుంచి ఎక్కించుకున్న పాత సినిమాలు, వాళ్ల నాన్నగారి షష్టిపూర్తి, చెల్లెలి పెళ్లి, పిల్లల చిన్నప్పటి వీడియోలు, అన్నీ అందులోనే ఉన్నాయి. "ఇవన్నీ టీవీలో హాయిగా చూడాలంటే ఏం కొనాలి?" అని అడిగారు. టీవీ పక్కన పెట్టుకునే హోమ్ థియేటర్ కంప్యూటర్ గురించి, అంటే హెచ్‌టీపీసీ గురించి, అరగంట చెప్పాను. శ్రద్ధగా విన్నారు, ధర కూడా రాసుకున్నారు. రెండు వారాల తర్వాత పండగ సేల్‌లో స్ట్రీమింగ్ స్టిక్ కొన్నారు, అంటే టీవీకి గుచ్చితే ఇంటర్నెట్‌లోని సినిమాలు చూపించే చిన్న పరికరం. హార్డ్ డిస్క్ మళ్లీ అల్మరాలోకి వెళ్లింది.

పదిహేనేళ్లుగా ఇలాంటివి చూస్తూనే ఉన్నాను. ఆసక్తి ఉన్నవాళ్లు, డబ్బు పెట్టగలిగినవాళ్లు, రోజంతా కంప్యూటర్ల ముందే ఉండేవాళ్లు కూడా ఈ ఒక్క కొనుగోలు దగ్గరికి వచ్చేసరికి ఆగిపోతారు. తెలియక ఆగిపోతున్నారని అనలేం. నా మిత్రుడి ఉద్యోగమే సర్వర్లు చూసుకోవడం. ధర చూసి అనుకోవడానికీ లేదు. 60 వేల టీవీ, 30 వేల సౌండ్‌బార్ ఉన్న ఇంటికి 20 వేల మినీ పీసీ, అంటే అరచేతిలో పట్టేంత చిన్న కంప్యూటర్, ఓ లెక్క కాదు. వాళ్లను ఆపేది ఆ పెట్టెతో పాటు ఇంటికొచ్చే చాకిరీ. దీని వెనక ఇంకో కారణం ఉంది, కొనేవాళ్లకు అది పైకి కనిపించదు. సినిమా, టీవీ వ్యాపారాలు మామూలు కంప్యూటర్‌కు హాల్లో చోటు లేకుండా 20 ఏళ్లుగా ఒక్కో తలుపూ మూసుకుంటూ వచ్చాయి.

ముందు చాకిరీ సంగతి. 2010లో సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో టీవీ ట్యూనర్ కార్డు కొని, ఇంట్లో ఉన్న అసెంబుల్డ్ సిస్టమ్‌లో పెట్టి, దాన్ని మా హాల్లో టీవీకి కలిపాను. కేబుల్ వైరు నేరుగా కంప్యూటర్‌లోకే వచ్చేది. నచ్చిన కార్యక్రమం రికార్డు చేసుకోవచ్చు, ప్రకటనలు దాటించుకోవచ్చు, పాటలు, ఫొటోలు, సినిమాలు అన్నీ ఒకే తెర మీద. నాకది గొప్ప ఆనందం. కానీ రాత్రి 9 గంటలకు నాన్నకు కావలసింది వార్తలు మాత్రమే. రిమోట్‌లో ఒక బటన్ నొక్కితే వార్తలు వచ్చే ఇంట్లో నేను కీబోర్డు, మౌస్ తెచ్చి పెట్టాను. నేను ఆఫీసులో ఉండగా అమ్మ ఫోన్ చేసేది. "ఒరేయ్, తెర మీద ఏదో డబ్బా వచ్చిందిరా. అవునా కాదా అని అడుగుతోంది. ఏం నొక్కమంటావు?" అది అప్‌డేట్ తర్వాత రీస్టార్ట్ చేయమనే ప్రశ్న. ఆ సమాధానం అమ్మకు తెలియాల్సిన అవసరం లేదు. అమ్మ కోరింది సీరియల్.

ఈ వస్తువు గురించి ఎన్ని లెక్కలు వేసినా అసలు లెక్క ఇక్కడే తప్పుతుంది. టీవీ ఇంట్లో అందరిదీ. కంప్యూటర్ మాత్రం దాన్ని పెట్టినవాడిది. టీవీకి కంప్యూటర్‌ను ముడిపెట్టగానే, అందరిదైన వస్తువు ఒకడి చేతుల్లోకి వెళుతుంది. వాడు ఊళ్లో లేకపోతే ఇంట్లో టీవీ లేదు. ఎండాకాలంలో కరెంటు పోయి వస్తే స్టిక్ తనంతట తాను లేచి మొదటి తెర చూపిస్తుంది. కంప్యూటర్‌కు ఆ పని ముందే సెట్టింగ్స్‌లో నేర్పాలి, అప్పుడు కూడా పాస్‌వర్డ్ దగ్గర ఆగకుండా చూసుకోవాలి. సాఫ్ట్‌వేర్ పాతబడితే మార్చాలి, ఫ్యాన్‌లో దుమ్ము పడితే తుడవాలి. పాడైతే ఎవరిని పిలవాలన్నది ఇంకో చిక్కు. టీవీ మెకానిక్ "ఇది సిస్టమ్ ప్రాబ్లం" అంటాడు, సిస్టమ్ బాగుచేసేవాడు "మీ టీవీలోనే ఏదో ఉంది" అంటాడు. అమెరికాలో ఉండే మా కజిన్‌దీ ఇదే మాట. అమ్మానాన్నలు ఆరు నెలలు ఉండటానికి వచ్చినప్పుడు, తాను ఆఫీసుకు వెళ్లాక వాళ్లు ఎవరినీ అడగకుండా టీవీ పెట్టుకోగలగాలి, మిగతావన్నీ ఆ తర్వాతే అంటాడు. ఈ వెనకడుగును నేను భయం అనను. ఇంటి మనుషులను ఎరిగి తీసుకున్న నిర్ణయం అంటాను.

ఇక మూసిన తలుపుల సంగతి. మా ట్యూనర్ కార్డు 2013 దాకా పనిచేసింది. కేబుల్ టీవీ డిజిటైజేషన్ రెండో దశ 38 నగరాల్లో 2013 మార్చి 31 గడువుగా మొదలైంది. మన వైపు హైదరాబాద్, విశాఖపట్నం ఆ జాబితాలో ఉన్నాయి. వైరులో వచ్చే సిగ్నల్ ఎన్‌క్రిప్ట్ అయిపోయింది, దాన్ని విప్పే తాళంచెవి కేబుల్ ఆపరేటర్ ఇచ్చే సెట్ టాప్ బాక్సులోనే ఉంది. బొమ్మ బాగుపడింది, చానళ్లు పెరిగాయి, ఆ మేలును కాదనను. కానీ మూడు వేలు పోసి కొన్న నా కార్డుకు ఆ రోజుతో పని లేకుండా పోయింది. సెట్ టాప్ బాక్సు ఏ ఆపరేటర్‌దైనా అందరికీ పనికొచ్చేలా ఉండాలని టెలికాం, ప్రసారాల నియంత్రణ సంస్థ ట్రాయ్ 2020లో సిఫార్సు చేసింది. మా వీధిలో మాత్రం ఆపరేటర్ మారితే బాక్సు కూడా మార్చాల్సిందే.

అమెరికాలో ఇదే కథ ఇంకా పెద్ద స్థాయిలో నడిచింది. మైక్రోసాఫ్ట్ 2002లో విండోస్ ఎక్స్‌పీ మీడియా సెంటర్ ఎడిషన్ తెచ్చింది. సోఫాలో కూర్చుని రిమోట్‌తో నడపగలిగే కంప్యూటర్ అన్న ఆలోచనకు దాంతో అంత పెద్ద కంపెనీ అండ దొరికింది. అక్కడి కేబుల్ సిగ్నల్ విప్పడానికి కేబుల్‌కార్డ్ అనే చిన్న కార్డు ఉండేది. దాన్ని పెట్టుకునే ట్యూనర్ మాత్రం కేబుల్ పరిశ్రమ ఆమోదించిన రెడీమేడ్ కంప్యూటర్లతోనే వచ్చేది. విడిభాగాలు కొని సొంతంగా బిగించుకునేవాళ్లకు ఆ దారి 2009 దాకా తెరుచుకోలేదు. ఈ వస్తువును అందరికంటే ముందు కొని, వాడి, పదిమందికి చెప్పేది ఆ బిగించుకునేవాళ్లే. సరిగ్గా వాళ్లకే దారి మూసేశారు. తెరిచేసరికి జనం ఇంటర్నెట్ వీడియో వైపు కదిలిపోయారు. 2015లో విండోస్ 10 నుంచి మీడియా సెంటర్‌ను మైక్రోసాఫ్టే తీసేసింది. 2020లో అమెరికా నియంత్రణ సంస్థ కేబుల్‌కార్డ్ నిబంధనను కూడా ఎత్తేసింది. ఏళ్ల తరబడి రికార్డింగులు పోగేసుకున్నవాళ్లకు మిగిలింది పాత విండోస్ పట్టుకుని వేలాడటమే. అది చూసినవాడు మళ్లీ ఇలాంటిదాని మీద డబ్బు పెట్టడానికి పదిసార్లు ఆలోచిస్తాడు.

ఓటీటీలు వచ్చాక తలుపు ఇంకా గట్టిగా బిగుసుకుంది. నెట్‌ఫ్లిక్స్ మన దేశానికి 2016 జనవరిలో, ప్రైమ్ వీడియో అదే ఏడాది డిసెంబరులో వచ్చాయి. తెలుగు ఆహా 2020లో మొదలైంది. ఇవన్నీ బొమ్మను తాళం వేసి పంపుతాయి. ఎక్కువ సర్వీసులు వాడే తాళం పేరు వైడ్‌వైన్, అందులో మెట్లున్నాయి. తాళం విప్పే పని చిప్‌లోని రక్షిత భాగంలో జరిగితే ఎల్1, మామూలు సాఫ్ట్‌వేర్‌లో జరిగితే ఎల్3. నాలుగు వేల స్టిక్‌లో ఎల్1 ఉంటుంది. లక్ష రూపాయల కంప్యూటర్‌లో, విండోస్‌కు బదులు వాడే లినక్స్ మీద బ్రౌజర్ తెరిస్తే, ఎల్3 మాత్రమే. అందుకే ఖరీదైన యంత్రంలో బొమ్మ మసగ్గా, చవక స్టిక్‌లో స్ఫుటంగా కనిపిస్తుంది. చాలా ఏళ్లు కంప్యూటర్‌లో క్రోమ్ తెరిచి నెట్‌ఫ్లిక్స్ పెడితే బొమ్మ 720పి అనే తక్కువ స్పష్టత దగ్గరే ఆగిపోయేది. 2016 చివర్లో కంప్యూటర్‌కు 4కె, అంటే అంతకంటే ఎన్నో రెట్లు స్పష్టమైన బొమ్మ, ఇచ్చినా, విండోస్ 10, ఎడ్జ్ బ్రౌజర్, ఇంటెల్ ఏడో తరం ప్రాసెసర్ కలిసి ఉంటేనే వచ్చేది. ఒకే నెల చందా కట్టే ఇద్దరిలో కంప్యూటర్ మీద చూసేవాడికి తక్కువ బొమ్మ ఇవ్వడం అన్యాయమని నా అభిప్రాయం.

తెలుగు నిర్మాతల బాధ నాకు తెలుసు. ఓటీటీలోకి వచ్చిన రోజే స్ఫుటమైన దొంగ కాపీ బయటికి రావడం వాళ్లు ప్రతి సినిమాకూ చూస్తున్నారు. సరిగ్గా అందుకే అడుగుతున్నాను. ఇన్ని తాళాలు వేసినా దొంగ కాపీ ఆగలేదు. తాళం తగిలింది డబ్బు కట్టి, సొంత కంప్యూటర్‌లో చూసుకుందామనుకున్న మనిషికి.

డిస్కు కొనుక్కున్నవాళ్లకూ ఇదే జరిగింది. 4కె బొమ్మతో అల్ట్రా హెచ్‌డీ బ్లూరే డిస్కులు 2016లో వచ్చాయి. తెలుగు సినిమాలు ఆ డిస్కుల మీద రావడం అరుదే కానీ, హాలీవుడ్ అభిమానులు మన దగ్గర కూడా తెప్పించుకుంటారు. స్ట్రీమింగ్‌లో 4కె సినిమా సెకనుకు 15 మెగాబిట్ల చుట్టుపక్కల వస్తే, ఈ డిస్కులో అది 100 దాటగలదు. చీకటి సీన్లలో, వానలో, పొగలో ఆ తేడా కంటికి తెలుస్తుంది. కంప్యూటర్‌లో అధికారికంగా ఆ డిస్కు ఆడాలంటే ఇంటెల్ ప్రాసెసర్‌లో ఎస్‌జీఎక్స్ అనే భద్రతా సదుపాయం ఉండాలన్నారు. జనం అవి చూసుకునే కొన్నారు. 11, 12 తరాల కోర్ ప్రాసెసర్ల దగ్గరికి వచ్చేసరికి ఇంటెల్ ఆ సదుపాయాన్నే తీసేసింది. కొత్త కంప్యూటర్ కొంటే, పాతది ఆడించిన డిస్కు ఆడదు! పాడైనదేమీ లేదు, కొన్నవాడు చేసిన తప్పూ లేదు.

వీటి ముందు మిగతావి చిన్నవి. టీవీ రిమోట్‌తోనే పక్క పెట్టెనూ నడిపే సీఈసీ సదుపాయం స్టిక్‌లో మామూలుగా ఉంటుంది, కంప్యూటర్ గ్రాఫిక్స్ కార్డుల్లో సాధారణంగా ఉండదు, దానికి వేరే అడాప్టర్ కొనాలి. సినిమా సెకనుకు 24 ఫ్రేములు, కంప్యూటర్ తెర 60 సార్లు మారుతుంది, రెంటికీ పొత్తు కుదర్చకపోతే కెమెరా పక్కకు తిరిగినప్పుడల్లా బొమ్మ తడబడుతుంది. ఇవన్నీ సర్దుకోవచ్చు. సర్దే మనిషి ఒకడుండాలి, అంతే.

చిన్న పెట్టెలు కొనడం కూడా మన దగ్గర కొంతకాలం అనుమానంగానే ఉంది. 2023 ఆగస్టులో ల్యాప్‌టాప్‌లతో పాటు అతి చిన్న కంప్యూటర్ల దిగుమతి మీద కేంద్రం ఆంక్షలు ప్రకటించి, తర్వాత దాన్ని అనుమతుల పద్ధతిగా మార్చింది. అంతకు ముందు నెలలోనే, ఈ తరహా పెట్టెలకు పేరు తెచ్చిన ఎన్‌యూసీ వ్యాపారంలో ఇక పెట్టుబడి పెట్టబోనని ఇంటెల్ చెప్పింది, ఆ బాధ్యత ఆసుస్ తీసుకుంది. తయారీదారే తప్పుకుంటున్న వస్తువును హాల్లో పెట్టుకోవడానికి ఎవరికి ధైర్యం వస్తుంది?

ఇంత చెప్పాక, స్టిక్ కొన్న నా మిత్రుడిదే ఒప్పని అనిపించవచ్చు. సగం ఒప్పే. మిగతా సగం గురించి నాకు బెంగగా ఉంది. స్టిక్‌లో కనిపించేదేదీ మనది కాదు. హక్కుల గడువు తీరితే సినిమా మాయమవుతుంది, పోయినవారం సగంలో ఆపిన సినిమా ఈ వారం దొరకదు. ప్రైమ్ వీడియోలో 2025 జూన్ నుంచి మన దేశంలోనూ ప్రకటనలు వస్తున్నాయి, అవి వద్దంటే అదనంగా కట్టాలి. స్మార్ట్ టీవీ మనం చూసేదాన్ని తానూ చూస్తుందని అమెరికాలో 2017లోనే రుజువైంది. చెప్పకుండా ఆ వివరాలు సేకరించినందుకు విజియో కంపెనీ 22 లక్షల డాలర్లు చెల్లించి రాజీపడింది. ఇవన్నీ ఒక ఎత్తు. చెల్లెలి పెళ్లి వీడియో ఏ ఓటీటీలోనూ ఉండదన్నది ఇంకో ఎత్తు. వీహెచ్‌ఎస్ క్యాసెట్ నుంచి డీవీడీకి, డీవీడీ నుంచి హార్డ్ డిస్క్‌కు మార్చుకుంటూ వచ్చిన మన ఇళ్ల జ్ఞాపకాలు, టీవీకి దారి లేక అల్మరాల్లో ఉండిపోతున్నాయి. అందులో తాతగారి గొంతు ఉంది. ఎంత ఎక్కువ కాలం వాడకుండా ఉంచితే, ఆ డిస్క్ మళ్లీ తిరుగుతుందన్న నమ్మకం అంత తగ్గుతుంది.

నా మటుకు నేను చేసిన తప్పు కంప్యూటర్‌ను టీవీ ముందు నిలబెట్టడం. ఇప్పుడు మా ఇంట్లో కంప్యూటర్ హాల్లో లేదు. రౌటర్ పక్కన, పుస్తకాల అలమర మీద తక్కువ కరెంటు తినే ఎన్100 ప్రాసెసర్ ఉన్న మినీ పీసీ ఉంది. దానికి తెర లేదు, కీబోర్డు లేదు. జెల్లీఫిన్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ అందులో నడుస్తుంది, డిస్కుల్లో ఉన్నవాటిని ఇంట్లోని తెరలన్నిటికీ అందిస్తుంది. హాల్లో టీవీకి ఉన్నది మామూలు స్టిక్కే. ఓటీటీలన్నీ పూర్తి నాణ్యతతో అందులో వస్తాయి, వాటి పక్కనే మా ఇంటి వీడియోల యాప్ ఒకటి. ఆ పెట్టె 10 వాట్లు తింటుందనుకున్నా, రాత్రింబవళ్లు నడిస్తే నెలకు 7 యూనిట్లు. 60 వాట్ల పాత డెస్క్‌టాప్‌ను అదే పనికి వాడితే 43 యూనిట్లు అవుతాయి. అన్నిటికంటే ముఖ్యం, ఆ పెట్టె ఒక రోజు పనిచేయకపోయినా అమ్మ సీరియల్ ఆగదు. నేను ఊరి నుంచి వచ్చాక బాగుచేసుకుంటాను.

కంప్యూటర్ కొనడానికి వెనకాడుతున్నామని ఎవరైనా అంటే ఇప్పుడు ధర, ప్రాసెసర్ ముందు చెప్పను. మీరు లేనప్పుడు టీవీ ఎవరు పెడతారు, చూడాలనుకుంటున్నవి మీ దగ్గర ఫైళ్లుగా ఉన్నాయా, ఈ రెండూ అడుగుతాను. రెండో దానికి లేదు అంటే స్టిక్ చాలు, ఇంకేమీ కొనొద్దు. ఉంది అంటే మాత్రం, ఆ డిస్క్‌కు ఇంకో కాపీ ఉందా అని అడుగుతాను. నా మిత్రుడి దగ్గర లేదు. ఈ ఆదివారం వాళ్లింటికి వెళుతున్నాను. పెట్టె సంగతి తర్వాత చూసుకోవచ్చు, ముందు షష్టిపూర్తి వీడియో కాపీ చేయాలి.