అర్థమయ్యేట్టు ఆడండి సామీ

తిరుపతి జనానికి ఆధునిక నృత్యం ఎక్కదని సభా నిర్వాహకులు ఏనాడో తేల్చేశారు. తాతయ్యగుంట గంగమ్మ జాతరకు ఒళ్లంతా బొగ్గు పూసుకుని తోటి వేషం, గంధం పూసుకుని దొర వేషం కట్టేది ఈ జనమే. చిత్తూరు పల్లెల్లో భారత ఉత్సవం పెడితే, అర్జునుడి వేషగాడు తపస్సు మాను అనే పొడుగాటి స్తంభం ఎక్కుతుంటే మెడ పట్టేసేదాకా తలెత్తి చూసేదీ వీళ్లే. భావమేమిటని అక్కడ ఎవరూ అడగరు. అయినా ఒంటి కదలికను చూడటం వీళ్లకు చేతకాదు గనక, నేర్పే భారం నిర్వాహకుల మీద పడింది. వారి సౌకర్యార్థం ఈ సూచనలు.

మొదట నేల. కింద గుల్లగా ఉండే కొయ్య చట్రం, దాని మీద ప్లైవుడ్, ఆపైన వినైల్ మ్యాట్ కావాలని కళాకారులు అడుగుతారు. గ్రానైట్ మీద గెంతితే ఆ దెబ్బంతా మోకాలికీ, ముంగాలి ఎముకకూ తగులుతుందట. తగలనీండి, శాలువా కప్పుతున్నాం కదా. మరీ పోరితే మ్యాట్ తెప్పించండి, కాకపోతే సభకు అరగంట ముందు. ముందురోజే చుట్ట విప్పి పరిచారంటే ముడతలు వాటంతటవే సర్దుకుంటాయి, ఎవరి కాలూ తట్టుకోదు, ఇక చూసేవాళ్లకు ఉత్కంఠ ఏముంటుంది? అతుకుల పొడవునా టేపు వేయడం కూడా దుబారానే. మూలకో ముక్క చాలు.

జ్యోతి ప్రజ్వలనకు కుందిని వేదిక మీద, కళాకారులు ఆడేచోటే పెట్టించండి. ఒలికిన నూనె తుడవకండి. దండల్లోంచి రాలిన మల్లెపూలు దానికి తోడైతే, ఆధునిక నృత్యానికి దారి తీసిన అమెరికా నర్తకి ఇసడోరా డంకన్ వట్టి కాళ్లతో ఆడటం ఎంత సాహసమో వ్యాఖ్యానం అక్కర్లేకుండానే తెలుస్తుంది.

లైట్ల దగ్గర గట్టిగా ఉండాలి. పక్క తెరల సందుల్లో స్టాండ్లు నిలబెట్టి పిక్క ఎత్తున ఒకటి, నడుము ఎత్తున ఒకటి, తల ఎత్తున ఒకటి కట్టమంటారు. ఎదుటి నుంచి మాత్రమే వెలుగు కొడితే మనిషి పోస్టరులా చదునైపోతాడట. పోనీండి! వెనక ఫ్లెక్సీలో ముఖ్య అతిథి మొహం మెరిసిందా లేదా, అదీ ముఖ్యం. నల్ల తెర అడిగితే అశుభమని చెప్పండి.

అసలు ప్రమాదం మూడో వరుసలో పొంచి ఉంటుంది. అమెరికా నర్తకి మార్తా గ్రాహమ్ పద్ధతిలో కళాకారిణి ఊపిరి వదులుతూ పొత్తికడుపును లోపలికి లాక్కుని వెన్ను వంచగానే "ఏంది సామీ, కడుపునొప్పా?" అని ఒకాయన అడుగుతాడు. ఆయన దాదాపు సంగతి పట్టేసినట్టే. 1930లో గ్రాహమ్ సాగే గుడ్డ గొట్టంలో దూరి, బల్ల మీద కూర్చునే శోకాన్ని ఆడింది. అది కూడా మొదలయ్యేది కడుపులోంచే. ఇంకో రెండు నిమిషాలు వదిలేస్తే ఆయనే సొంతంగా అంతా పట్టేస్తాడు. అందుకని వెంటనే మైకు అందుకుని, "ఇది ప్రపంచశాంతి సందేశం" అని ప్రకటించండి. ఆయన నమస్కారం పెట్టి ఫోను తీస్తాడు.

కుర్చీలు నిండాలంటే ఊళ్లోని డ్యాన్సు స్కూళ్ల పిల్లలకు ముందు తలా ఒక సినిమా పాట ఇవ్వండి, అమ్మానాన్నలు, అవ్వాతాతలు దిగుతారు. ఆధునిక నృత్యం ఆఖర్న. అప్పటికి వాళ్లు పిల్లలకు మేకప్ తుడిచి, బండ్లు తీసి, ఇళ్లకు చేరి ఉంటారు. గ్రాంటు నివేదికలో మాత్రం మొదటి పాటప్పుడు తీసిన ఫొటో జతచేయండి.